అట్ట మీది ఊరు

గుజిరీ అంగడికి చేరే పాత గ్రామఫోను రికార్డుల్లో ముందుగా పోయేది అట్ట. ప్లేటు పగలకుంటే ఎన్నేళ్లయినా పడి ఉంటుంది. అట్ట కాగితం కాబట్టి చెదలకు, తేమకు, పాత కాగితాలు తూచే తక్కెడకు లోకువ. అందుకే బళ్లారి లాంటి సరిహద్దు జిల్లాలో పాత తెలుగు రికార్డులు, ముఖ్యంగా చవక రకాలు వెతికేవాళ్లకు ప్లేట్లు దొరికినంత సులువుగా వాటి అట్టలు దొరకవు. దొరికిన అట్టల మీది బొమ్మలు చూసి చదువుకున్నవాళ్లు నవ్వుతారు. వాటిలో రంగులు గీత దాటి ఉంటాయి, దేవుడి బుగ్గలకు రోజా రంగు పులిమి ఉంటుంది, అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఈ అట్టల్ని దాచాలా వద్దా అన్నది ఇక్కడ చిన్న ప్రశ్న కాదని నా నమ్మకం. దాన్ని ఇద్దరి నోట వినిపిస్తాను. మామ బళ్లారి నాటకరంగం మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. అల్లుడు చవక రికార్డులు పోగుచేసేవాడు. నా మనసు అల్లుడి వైపే ఉంది. అయితే మామ లేవనెత్తిన అభ్యంతరాల్లో పస లేనిది ఒక్కటీ లేదు. వాటి వల్లే అల్లుడి వాదం మొదలైన చోట ఆగిపోకుండా ముందుకు నడిచింది. ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక ఖాకీ రంగు 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటు) కవరు, ఒక పౌరాణిక సినిమా ఈపీ (నాలుగు పాటల చిన్న రికార్డు) అట్ట ఉన్నాయి. బల్ల కింద ఒక పాత మైక్‌సెట్టు వాళ్ల రికార్డుల రేకు పెట్టె.

మామ: చూడప్పా అల్లుడూ, ఇది ఏ ఊరనుకున్నావు? ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టి తెలుగు నాటకాన్ని నిలబెట్టిన ఊరు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభతో దానికి దీటుగా నిలిచిన ఊరు. ఆ ధర్మవరం వారి మేనల్లుడే బళ్లారి రాఘవ. 1880లో పుట్టి, ఇక్కడే వకీలుగా, నటుడిగా బతికి, 1946లో పోయినాడు. మేనమామ నాటకంలోకి పాటల్ని, రాగాల్ని తెచ్చినాడు, మేనల్లుడు వాటికి పగ్గం వేసినాడు. పాత్ర మాట్లాడాలిగానీ కచేరీ చేయకూడదని, పద్యం భావం కోసమేగానీ గొంతు చూపించుకోడానికి కాదని రాఘవ నటించి చూపించినాడు. జనం వన్స్‌మోర్ అంటే చచ్చి పడిన పాత్ర కూడా లేచి మళ్లీ పద్యం ఎత్తుకునే కాలంలో చేసినాడు ఆ పని. ఆ రోగానికి మందు వేసిన ఊళ్లో కూర్చుని నువ్వు ఆ రోగాన్నే పోగుచేస్తున్నావు. గ్రామఫోను పద్యం అంటే ఏముంది? నాటకంలోంచి కథ తీసేసి, ఎదుటి పాత్రను తీసేసి, సంభాషణ తీసేస్తే మిగిలిన రాగం. దాన్ని చవకగా అచ్చు కొట్టి ఊళ్ల మీదికి వదిలినారు. రాఘవ ఆడిన నాటకాల ప్రతులు, కరపత్రాలు, ఫొటోలు ఎవరి అటకల మీద ఉన్నాయో వెతికేందుకు మనిషి దొరకడు. ముందు దాచాల్సింది వాటిని. బజారు ప్లేట్ల అట్టలు కాదు.

అల్లుడు: రాఘవ కాగితాలు వెతకాలన్న మాట నాకూ సమ్మతమే మామా. కానీ ఒకటి ఆలోచించండి. సహజంగా నటించే మనిషి నటన గాలిలో కలిసిపోతుంది. రాఘవ నటనలో మనకు మిగిలింది చూసినవాళ్లు రాసిన మాటలు, ఆయన వేషం కట్టిన 'ద్రౌపదీ మానసంరక్షణం', 'రైతుబిడ్డ', 'చండిక' లాంటి సినిమాలు. అవి కూడా 1936కూ 1940కీ మధ్యవి, అప్పటికే ఆయనకు యాభై దాటినాయి. ఆయన దేనితో పోరాడినాడు అన్నదానికి మాత్రం చెవులతో వినదగ్గ సాక్ష్యం ఉంది. అది ఈ ప్లేట్ల మీదే ఉంది. ఆ సాక్ష్యం మీరు అనుకున్నట్టు చెప్పదు. పదంగుళాల 78 ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలు మోగుతుంది, ఇంకొంచెం సాగదీస్తే మూడున్నర. స్టేజీ మీద వన్స్‌మోర్‌లతో సాగే పద్యం అందులో పట్టదు. గాయకుడు ఆలాపన తగ్గించుకోవాలి, నాలుగు పాదాలూ దింపాలి, ముల్లు లోపలి అంచుకు చేరేలోగా ముగించాలి. హార్మోనియం ఎదురు వాయించడానికి చోటు లేదు, మళ్లీ పాడమనే జనమూ లేరు. రాఘవ నటన మీద గౌరవంతో కోసిన దాన్నే కంపెనీ చోటు చాలక కోసింది. ఆ రెండు కోతలూ ఒకటే అని నేననను. కానీ మీరు రోగం అంటున్న సరుకు ప్లేటు మీదికి వచ్చేసరికి ఎంత మారిందో వినకుండా తీర్పు చెప్పలేం.

ఇక చవక సంగతి. గ్రామఫోను కంపెనీకి హెచ్.ఎం.వి. ఖరీదైన ముఖం. అదే కంపెనీ జోనోఫోన్, ట్విన్ అని తక్కువ ధర లేబుళ్లు నడిపింది. వాటి మీద అంతగా పేరు లేనివాళ్లు, ఊళ్ల నాటక సమాజాల వాళ్లు పాడినారు. ఇంగ్లండులో, అమెరికాలో 78లను మూలన పెట్టి వినైల్‌కు మారిన తర్వాత కూడా మన దేశంలో 1960ల దాకా 78లు అచ్చవుతూనే ఉన్నాయి. బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78ల మీద వచ్చినాయి. కరెంటు రాని ఊళ్లలో కీ ఇచ్చి తిప్పే పెట్టెలే ఉండేవి, వాటి మీద మోగేది 78 ఒక్కటే. రాఘవ నాటకం చూడాలంటే టికెట్టు కొని ఆయన ఆడే ఊరికి పోవాలి. ప్లేటు మనిషి ఉన్న ఊరికే వచ్చింది. అది అందిన మనుషుల్ని తీసేస్తే తెలుగు నాటక చరిత్రలో ముందు వరసలో కుర్చీలు వేసుకున్నవాళ్లే మిగులుతారు.

మామ: సరే, గొంతు సాక్ష్యమే అనుకుందాం. ఆ గొంతు ఇప్పుడు ఫోన్లో ఉంది గదా. ఘంటసాల పాడిన 'పుష్పవిలాపం' కావాలంటే వేలితో తాకితే చాలు, ముల్లు వద్దు, కీ వద్దు, దుమ్ము దులిపే పని లేదు. ఓపిక ఉన్నవాళ్లు పాత నాటక పద్యాలు కూడా ఎక్కించి పెట్టినారు. విన్నాక ఇంకా అట్ట దేనికప్పా? మందు తాగేసి సీసా మీది చీటీ దాచుకున్నట్టుంది.

అల్లుడు: చీటీ లేని మందు సీసాను ఏ డాక్టరూ ముట్టడు మామా. 1949లో 'మహల్' సినిమా వచ్చినప్పుడు అందులో లత పాడిన పాట రికార్డు మీద లత పేరు లేదు, సినిమాలో పాత్ర పేరు 'కామిని' అని వేసినారు. ఆ పాట ఇప్పుడు ఫోన్లో లత పేరుతోనే ఉంది, ఉండాల్సిందే. కానీ పాడిన మనిషికి అప్పట్లో పేరు కూడా ఇవ్వలేదన్న సంగతి చెప్పేది ఆ ప్లేటు నడిమధ్యన అంటించిన కాగితం బిళ్లే. పాటను దాని ప్లేటు నుంచి, కాగితం నుంచి విడదీసినప్పుడు పోయేవి ఇట్లాంటి సంగతులే. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు నలభై వేలకు పైగా 78లు కూడబెట్టినారు. పాటల మీద ఆయన రాసినవి చదివితే ఒక మనిషి ప్లేట్లు తిప్పి తిప్పి, లేబుల్ మీది అక్షరం అక్షరం చూసి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది.

అది ఏ ఊరికైనా వర్తించే మాట. మన సరిహద్దుకు ఇంకా గట్టి కారణం ఒకటుంది. 78 ప్లేటులో ఉన్నదంతా బయటి నుంచి వచ్చిందే. పాడించింది మద్రాసులో. 1928 నుంచి అచ్చు కొట్టింది కలకత్తా పక్కన దమ్‌దమ్‌లో. పైనున్న కుక్క బొమ్మ ఇంగ్లండుది. పదార్థం లక్క, రాతిపొడి, మసి. ఆ లక్క ఎక్కడో ఛోటా నాగపూర్ చెట్ల మీద పురుగు పెట్టింది. ఆ ప్లేటు గుంటూరులో మోగినా, ఆదోనిలో మోగినా, బళ్లారి కౌల్‌బజారులో మోగినా ఒక్కటే, దాని మీద మన ఊరి గుర్తు ఇసుమంతైనా ఉండదు. మన ఊరి గుర్తు పడేది ఈ ఖాకీ కవరు మీద. ఇదిగో చూడండి. నడిమధ్యన లేబుల్ కనబడేందుకు గుండ్రంగా కోసిన కన్నం, దాని అంచు చిరిగి నోరు తెరిచినట్టుంది. ఒక పక్క ముళ్ల డబ్బీ ప్రకటన, ఒక ముల్లు ఒక పక్కకే వాడాలన్న హెచ్చరిక. కిందిమూల ఊదా సిరాతో అంగడివాడి రబ్బరు ముద్ర, సగం అంటింది, సగం అలుక్కుపోయింది. దాని మీదుగా కొన్న మనిషి గుండ్రటి చేతిరాతలో ఇంటిపేరు, ఒక తేదీ. ఈ ప్లేటు ఇక్కడికి వచ్చింది, ఇక్కడ ఎవరో డబ్బు పెట్టి కొన్నారు అని చెప్పే కాగితం ఇదొక్కటే.

1953 అక్టోబరు 1న ఈ జిల్లాను చీల్చినారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి. సిరుగుప్ప, హొసపేట, సండూరు, కూడ్లిగి, హడగలి, హరపనహళ్లి మైసూరుకు పోయినాయి. బళ్లారి తాలూకా ఎవరిదన్న తగవు జస్టిస్ వాంఛూ నివేదికతో తెగక జస్టిస్ మిశ్రాతో కమిషన్ వేయాల్సి వచ్చింది, ఆయన మైసూరుకు చెప్పినాడు. రెండు పక్షాల వాళ్లూ జనాభా లెక్కల్లోని మాతృభాష గళ్లు చూపించి వాదించినారు. ఆ గళ్లలో ఒక మనిషికి ఒకటే భాష. సాయంత్రం పంచలో ఆ మనిషి ఏ భాష ప్లేటు పెట్టుకున్నాడో ఆ గడిలో రాయడానికి చోటు లేదు. అది రాసి ఉన్నది ఈ కవర్ల మీదే.

మామ: ఖాకీ కవరు వరకు నీ మాటలో న్యాయం ఉంది, కాదనను. అది పత్రం లాంటిది. మరి ఈ రంగుల అట్ట? దీని మీద అంగడి ముద్ర లేదు, ఊరి పేరు లేదు. సినిమా వాళ్లు ఇచ్చిన స్టిల్ తీసుకుని ఎవరో రంగులు పులిమినారు. చిత్రకళ తెలిసినవాడు ఎవడూ దీన్ని కళ అనడు. ఇంగ్లండులో ఇట్లాంటి చవక ఎల్పీల అట్టలు పోగుచేసేవాళ్లు చాలామంది ఉన్నారని నువ్వే చెప్పినావు. 1968 నుంచి 'టాప్ ఆఫ్ ది పాప్స్' అని వరసగా వచ్చిన ఎల్పీల మీద ఆడపిల్లల ఫొటోలు, లోపల అసలు గాయకులు కాదు, పేరు లేనివాళ్లు అసలు పాటలను అనుకరిస్తూ పాడినవి. ఇప్పుడు వాటిని గోడలకు తగిలించి నవ్వుకుంటారట. ఆ నవ్వే నాకు గిట్టదు. ఒకప్పుడు డబ్బు లేని మనిషి ముచ్చటపడి కొన్న వస్తువును ఇప్పుడు డబ్బున్న మనిషి కొని దాని అభిరుచి చూసి నవ్వడం ఏం సంస్కారం? మన దగ్గరా మొదలైంది. కాఫీ హోటళ్లలో ప్లేటు పారేసి అట్టకు అద్దం కట్టి గోడకు కొడుతున్నారు. నువ్వు కూడబెట్టేకొద్దీ ఆ బజారు పెరుగుతుంది.

అల్లుడు: నవ్వు గురించి మీరన్న ప్రతి మాటా నిజం. నవ్వడానికి కూడబెట్టేవాళ్ల జట్టులో నేను లేను, ఉండబోను. ఆ ఇంగ్లీషు ఎల్పీల గురించి మాత్రం ఒక మాట. అట్లాంటి చవక రికార్డులకు పేరు లేకుండా పాడి పొట్ట పోసుకున్నవాళ్లలో తర్వాత ప్రపంచమంతా ఎరిగిన ఎల్టన్ జాన్ ఒకడు. నవ్వినవాళ్లు ఆ గొంతు వినలేదు, అట్ట చూసి ఆగిపోయినారు. చూడటం అంటే అది కాదని చెప్పడానికే ఈ ఈపీని మీ చేతికి ఇస్తున్నా.

ఏడంగుళాల చదరం. కాగితం పలచన, మడిచి జిగురు పెట్టినారు, ఒక అంచు ఇప్పటికే విచ్చుకుంది. రంగులు రెండే, ఎరుపూ నీలమూ, పైన నలుపు గీతలు. పసుపు లేదు. అందుకే కిరీటం బంగారం కాలేదు, తెల్లగా వదిలేసి చుట్టూ నల్ల చుక్కలు పెట్టినారు. ఎరుపు పలక అచ్చులో వెంట్రుకవాసి కుడికి జరిగింది, అందువల్ల నాయిక పెదవి రంగు పెదవి దాటి చెంప మీదికి వచ్చింది. నీలం, ఎరుపు కలిసిన చోట కృష్ణుడి ఉత్తరీయం వంకాయ రంగుకు తిరిగింది. అది చిత్రకారుడు కోరి వేసింది కాదు, రెండు సిరాలు ఒకదాని మీద ఒకటి పడితే వచ్చింది. సినిమా పేరు అక్షరాలు లావుగా, పక్కన నీడతో ఉన్నాయి, అంగడి ముందు ఆగి దూరం నుంచి చదివే మనిషి కోసం. ఇప్పుడు వెనక్కి తిప్పండి. ఇక్కడ నలుపు ఒక్కటే. పక్క ఒకటి, పక్క రెండు, నాలుగు పాటలు, రాసినవారు, స్వరపరిచినవారు, పాడినవారు. కింద ఫియెస్టా ప్లేయరు ప్రకటన. ఇంకో సిరా వేస్తే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే ఈపీ ధర పెరుగుతుంది, ధర పెరిగితే కొనేవాడు అంగడి మెట్టు దిగి వెళ్లిపోతాడు. ఈ బొమ్మలో మీకు వికారంగా కనబడే ప్రతి చోటా ఆ లెక్క ఉంది. ఇది అందంగా ఉందని నేననను. కొనేవాడి జేబును ఇంత దగ్గరగా చూసి గీసిన బొమ్మ మరొకటి చూపించండి అంటాను.

దీని మీద ఊరి పేరు లేదన్నారు. నిజమే. కానీ దీని పక్కన అదే కాలపు కన్నడ సినిమా ఈపీ పెట్టి రెండింటి వెనక వైపులూ చదవండి. కన్నడ అట్ట వెనక పి.బి. శ్రీనివాస్ ఉంటాడు, కాకినాడలో పుట్టిన మనిషి, ఏళ్ల తరబడి రాజ్‌కుమార్‌కు గొంతు. విజయనగరం సుశీల ఉంటుంది, రేపల్లె వైపు నుంచి వచ్చిన జానకి ఉంటుంది, తర్వాత నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం ఉంటాడు. రాజ్‌కుమార్ కూడా 1954లో 'కాళహస్తి మహాత్మ్యం'లో తెలుగు మాట్లాడినాడు, అది ఆయన ఏకైక తెలుగు సినిమా. 'మల్లీశ్వరి' 1951లో మద్రాసులో తీసినారు, కథ మాత్రం మన పక్కనే హంపీలో రాయలవారి కాలానిది. ముందు వైపు చూస్తే లిపి వేరు, అదీ చాలా అక్షరాల్లో తలకట్టు వరకే వేరు. వెనక వైపు చదివితే పాడినవాళ్లు వాళ్లే. బళ్లారి మనిషి ఈ రెండు అట్టల్నీ ఒకే అంగట్లో చూసినాడు. రెండు భాషల వాళ్లను ఒకే గొంతులు పెంచిన చోటు ఇది. ఫోన్లో భాషను బట్టి జాబితాలు వేరు చేసి పెడతారు, అందులో ఈ సంగతి కనబడదు.

ఆడవాళ్ల బొమ్మల విషయానికి వస్తే, క్యాబరే పాటల ఎల్పీల అట్టలు కొన్ని నాకూ చూడబుద్ధి కాదు. వాటిని మెచ్చుకోవడానికి దాచను. అమ్మకానికి ఆడమనిషిని ఎట్లా వాడుకున్నారో ఆ అట్టలు చెబుతాయి, వాటిని చించేస్తే ఆ తప్పు చేసినవాళ్లకే మేలు.

మామ: బాగా చెప్పినావు. కానీ నీ వాదంలో ఒక పెద్ద చిల్లు ఉంది, అది నువ్వు చూడలేదు. కవరుకూ ప్లేటుకూ పెళ్లి కాలేదప్పా. మైక్‌సెట్టు వాడు పెండ్లింట్లో ఆత్రంగా ప్లేటు తీసి పెట్టి, ఏ కవరు చేతికందితే అందులో దోపుతాడు. గుజిరీ అంగడివాడు ఇంకా ఘనుడు, మంచి కవరు అరిగిన ప్లేటుకు, చిరిగిన కవరు మంచి ప్లేటుకు మార్చేసి రేటు పెంచుతాడు. నీలాంటివాళ్లు కూడా అదే పని చేస్తారు, మంచి జత కుదిర్చినామని గర్వపడతారు. ఈ ముద్ర ఈ కవరుది. లోపలి ప్లేటు ఈ ఊరికి వచ్చిందో, ఎక్కడో హైదరాబాదులో కొన్నదో నీకేం తెలుసు? కోర్టులో ఇట్లాంటి పత్రం నిలవదు. రాఘవ కూడా వకీలే, ఆయన ముందు పెట్టి ఉంటే ఒక్క నిమిషంలో కొట్టేసేవాడు.

అల్లుడు: ఈ దెబ్బ తగిలింది మామా, ఒప్పుకుంటున్నా. ఒక్క కవరును, ఒక్క ప్లేటును జతగా చూపించి ఇదే సాక్ష్యం అంటే నిలవదు. ఇప్పటిదాకా నేను చేసిన పని కూడా అదే, పెట్టెలోంచి బాగున్నవి ఏరి, మిగిలినవి వదిలేయడం. మీరన్నట్టు అది సాక్ష్యాన్ని కాపాడటం కాదు, పాడుచేయడం. అయితే ఈ చిల్లు వల్ల నా మాట పడిపోదు, నేను దాచాల్సిన వస్తువు మారుతుంది. ఒక కవరు అబద్ధం చెప్పొచ్చు. ఒకే చోట ఇరవై ఏళ్లు మోగిన పెట్టె మొత్తం ఒకేసారి అబద్ధం చెప్పదు. లోపల కవర్లు ఎన్నిసార్లు తారుమారైనా అవి ఆ పెట్టెలోనే తారుమారైనాయి. అదే అంగడి ముద్ర పది కవర్ల మీద ఉంటే ఆ పెట్టె వాడు ఆ అంగట్లో కొనేవాడని తెలుస్తుంది. ఏ ప్లేటు గీతలు అరిగి తెల్లబారిందో, ఏది కొత్తదానిలా మెరుస్తోందో చూస్తే జనం ఏది అడిగి మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారో తెలుస్తుంది. మీ వన్స్‌మోర్ ఇక్కడికి వచ్చి దాక్కుంది మామా, గీతల అరుగుదలలో.

ఈ రేకు పెట్టె మూత తీసి చూడండి. మూత లోపల అంటించిన పట్టీ సగం ఊడిపోయింది, నంబర్లు మాత్రం ఉన్నాయి. ముందు సుబ్బలక్ష్మి సుప్రభాతం ఎల్పీ, 1963లో వచ్చిన రికార్డు అది, పెండ్లింటి తెల్లవారుజాము దానిదే. తర్వాత నాదస్వరం. ఆ తర్వాత రెండు భాషల దేవుడి పాటలు, రెండు భాషల సినిమా పాటల ఈపీలు కలిసిపోయి ఉన్నాయి. అడుగున 78లు, కురుక్షేత్రం పద్యాలు, హరిశ్చంద్ర కాటి సీను పద్యాలు, బరువు ఎక్కువ కాబట్టి కింద పెట్టినారు. ఒక రోజంతా ఒక వీధి ఏ వరసలో ఏం విన్నదో ఈ పెట్టె చెబుతుంది. పగిలిన ముక్కలు కూడా అడుగునే ఉన్నాయి, వాటి లేబుళ్లు చదవొచ్చు. మంచివి ఏరుకుని పోయేవాడు ముందు పారేసేది వాటినే.

మామ: పెట్టెలకు పెట్టెలు దాచడానికి ఎవడి ఇల్లు చాలుతుందప్పా? వానకాలం ఒకటి గడిస్తే బూజు పడుతుంది. నాటకాల ప్రతులకే దిక్కు లేని ఊళ్లో రేకు పెట్టెలకు మ్యూజియం ఎవడు కడతాడు?

అల్లుడు: మ్యూజియం దాకా పోనక్కర లేదు. బొంబాయిలో 'యంగ్ ఇండియా' అని ఒక దేశీ లేబుల్ 1935 నుంచి 1955 దాకా నడిచింది, తక్కువ ధర ప్లేట్లు, పేరు పడని గాయకులు. దాని రికార్డుల్ని బ్రిటిష్ లైబ్రరీ వాళ్ల సాయంతో డిజిటల్‌లోకి ఎక్కించినప్పుడు ధ్వని ఒక్కటే ఎక్కించి ఊరుకోలేదు. లేబుళ్లు, కవర్లు, కంపెనీ కేటలాగులు, ప్రకటనల కాగితాలు అన్నీ స్కాన్ చేసినారు. 1990లో మొదలైన భారతీయ రికార్డు కలెక్టర్ల సంఘం మనుషులే ఆ పని చేసినారు, అందరూ సొంత ఇళ్లలో ప్లేట్లు పెట్టుకున్నవాళ్లే. మనకు కావాల్సింది ఒక నోటు పుస్తకం, ఒక ఫోను కెమెరా. పెట్టె ఏ వీధి నుంచి వచ్చింది, ఏ వరసలో ఉంది, ఏ కవరులో ఏ ప్లేటు దొరికింది, అరిగిందా లేదా, ముద్ర ఉంటే ఏమని ఉంది. కదిలించకముందే ఇంతా రాసుకుని ఫొటో తీస్తే తర్వాత ప్లేటు పగిలినా, అట్ట చెదలు తిన్నా, పెట్టె చెప్పిన మాట ఉంటుంది. గోడకు అట్ట తగిలించేవాడి దగ్గరికి పోయి కూడా ఇదే అడగాలి, తగిలించుకో, కానీ ముందు ఎక్కడ దొరికిందో వెనకాల రాసి పెట్టు అని. మీరు వెతకాలంటున్న రాఘవ కరపత్రాలకూ ఇదే పద్ధతి మామా. ఏ అటక మీద, ఏ కాగితాల మధ్య దొరికిందో రాసుకోకపోతే ఆ కరపత్రం కూడా రేపు కాఫీ హోటల్ గోడ మీదికే పోతుంది.

మామ: అట్లాగే కానీ. కరపత్రాలకు కూడా వర్తిస్తుందంటున్నావు కాబట్టి వింటున్నా. నేను రాస్తా, నువ్వు చెప్పు, నీకంటే నా రాత నయం. ఒక్కటి మాత్రం ముందే చేద్దాం. ఇందులో తెలుగువి ఒక పక్క, కన్నడవి ఒక పక్క పెట్టు. మనం రాసేది తెలుగు రికార్డుల పట్టీ గదా. కన్నడవి కన్నడ వాళ్లు రాసుకుంటారు.

అల్లుడు: వద్దు మామా, చెయ్యి తీయండి. ఆ మైక్‌సెట్టు మనిషి వాటిని కలిపి పెట్టుకున్నాడు. ఇప్పుడు మనం విడదీసి రాస్తే ఈ పెట్టె నుంచి మనకు తెలిసేది 1953లో కమిషన్ ముందు పెట్టిన లెక్కలే, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ తెలియదు. వరస మార్చకుండా పై నుంచి మొదలుపెడదాం. రాసుకోండి. ఒకటో నంబరు ఎల్పీ, సుప్రభాతం, అట్ట పైఅంచు తడిసి ఉబ్బింది, ప్లేటు బాగా అరిగింది. రెండో నంబరు నాదస్వరం. మూడో నంబరు ఈపీ, కన్నడ సినిమా, అట్ట లేదు, ఒక తెలుగు సినిమా అట్టలో పెట్టి ఉంది. మామా, ఆగినారెందుకు? తెలుగు అట్టలో కన్నడ ప్లేటు. ఉన్నది ఉన్నట్టు రాయండి.